పులికొక న్యాయము, కోటకొక న్యాయమా?

వార్ధా నది యొడ్డున వెలసిన బల్లార్పూరు కోట మన బామ్నికి పొరుగుననే యున్నది. గోండు రాజు ఖాండ్క్యా బల్లాళ్‌షా దీనిని కట్టించెనని ప్రతీతి. మన జిల్లాకు వచ్చు యాత్రికులు తాడోబా పులులను చూచి మరలిపోవుదురు. ఈ కోట వంక చూచువారు అరుదు.

తాడోబా 1955లో జాతీయ వనమైనది. పులుల వనములలో వసూలగు ప్రవేశ రుసుములు ఆ వనముల రక్షణకే మరల వినియోగపడునట్లు 2006లో వన్యప్రాణి చట్టమును సవరించిరి. ఇది మెచ్చదగిన ఏర్పాటు. పురాతన కట్టడములకు 1958 నాటి చట్టము రక్షణ నిచ్చినది గాని, ఇట్టి కట్టుబాటు చేయలేదు. గోడపై చేయి వేయరాదని చట్టము శాసించును. గోడను చీల్చు రావిమొక్కను పెరికించుటకు కూలి యెవరిచ్చెదరు? చంద్రపురము కోటపై పెరిగిన పొదలను ‘ఎకో-ప్రో’ కార్యకర్తలు స్వచ్ఛందముగా తొలగించిరి. 2017లో ప్రధాని సైతము ఆకాశవాణిలో వారిని ప్రశంసించిరి. ప్రశంస తగినదే, కాని వారి చెమట సర్కారు పద్దుకు బదులు కానేరదు.

పులి సొమ్ము కోటకిమ్మని మనమడుగుట లేదు. పులికి చెల్లిన న్యాయము కోటకును చెల్లవలెనని మన కోరిక. ఏటేట కోటకెంత మంజూరయ్యెనో, ఎంత వ్యయమయ్యెనో కోట వాకిటనే మరాఠీలోను, తెలుగులోను వ్రాసి పెట్టవలెను. నది కావలి రాజురా 1956 వరకు ఆదిలాబాదు జిల్లాలోనిదే. ఈ సీమకు తెలుగు క్రొత్త కాదు. తరతరములుగా ఇచట పన్ను కట్టుచున్న మనము లెక్క యడుగుటకు సంకోచింపనేల?