మూడో ఏట అందని పలక

గుమ్మఘట్ట వంటి కరువు మండలంలో దళితవాడ బిడ్డ ఒకటో తరగతికి వచ్చేనాటికే వెనుకబడి ఉంటే, ఆ లోటుకు రాజ్యమే బాధ్యత వహించాలని నేనంటాను. రాజ్యాంగం అమల్లోకి వచ్చిననాటి 45వ అధికరణ పద్నాలుగేళ్లలోపు పిల్లలందరికీ ఉచిత విద్యను లక్ష్యంగా నిర్దేశించింది. 2002 నాటి 86వ సవరణ 6-14 ఏళ్ల వారికే దానిని ప్రాథమిక హక్కుగా చేసి, ఆరేళ్లలోపు వారిని ఆదేశిక సూత్రాలకే వదిలివేసింది.

ఎల్‌కేజీకి ఫీజు కట్టగల ఇళ్లకు ఈ లోటు తెలియదు. వానలు మొహం చాటేస్తే బెంగళూరుకు వలసపోయే కూలీల బిడ్డలకు అంగన్‌వాడీయే తొలి బడి. అది ఊరి నడుమ ఉంటే వాడలోని మూడేళ్ల పసివాడు అక్కడికి ఒంటరిగా నడిచి వెళ్లగలడా? ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉన్న గ్రామీణ ఆవాసం కోరితే మూడు నెలల్లో కేంద్రం తెరవాలని, ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు ప్రాధాన్యమివ్వాలని సుప్రీంకోర్టు 2006 డిసెంబరు 13న ఆదేశించింది.

కనుక కేంద్రం వాడలోనే ఉండాలి. కార్యకర్తకు రిజిస్టర్ల భారం తగ్గించి, ఆటపాటలతో బోధించే వ్యవధి ఇవ్వాలి. వలస వెళ్లిన చోటా బిడ్డకు ప్రవేశం దక్కాలి. పద్దెనిమిదో ఏట రిజర్వేషన్ తెరిచే తలుపు దాకా ఆ బిడ్డ చేరాలంటే, మూడో ఏటే చేతికి పలక అందాలి.