సంపాదన మొదలైతే రక్షణ రద్దా?

చదువు ముగించుకుని హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో తొలి ఉద్యోగంలో చేరే పిల్లల చేతికి ఆఫర్ లెటర్‌తో పాటు వచ్చే కాగితాల్లో గ్రూప్ మెడిక్లెయిమ్ వివరాల పేజీ ఒకటి ఉంటుంది. జీతం అంకెను చూసినంత శ్రద్ధగా ఆ పేజీని చూసేవారు అరుదు. ఆ ఏడాదిలోనే గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న తండ్రికి కుటుంబ పాలసీ రెన్యువల్ నోటీసు వస్తుంది. ‘నీకు కంపెనీ ఇన్సూరెన్స్ ఉందిగా, ఇందులోంచి నీ పేరు తీసేయమంటావా?’ అని ఆయన ఫోన్లో అడుగుతాడు. ‘తీసేయండి నాన్నా’ అని జవాబు వస్తుంది. నిమిషంలో ముగిసే ఈ మాటలతో, ఆ కుటుంబం ఏళ్ల తరబడి ప్రీమియం కట్టి సంపాదించుకున్న హక్కులు కొన్ని చడీచప్పుడు లేకుండా చేజారిపోతాయి. ఆ సంగతి వారికి ముందుగా చెప్పే బాధ్యతను బీమా సంస్థ, యజమాని, ప్రభుత్వం ముగ్గురిలో ఎవరూ తమదిగా భావించడం లేదు.

ఆ తండ్రి కొడుకు పేరు ఉంచాలనుకున్నా కుదరకపోవచ్చు. భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ (ఐఆర్‌డీఏఐ) 2020లో ఆరోగ్య సంజీవని పేరుతో ఒక ప్రామాణిక పాలసీని రూపొందించి, ఆరోగ్య బీమా అమ్మే సంస్థలన్నీ దాన్ని అందుబాటులో ఉంచాలని ఆదేశించింది. అందులో మూడు నెలల పసివాళ్ల నుంచి 25 ఏళ్ల వరకు పిల్లలను చేర్చుకోవచ్చు. ఆ వెంటనే ఒక షరతు ఉంది. 18 ఏళ్లు దాటిన సంతానం ఆర్థికంగా స్వతంత్రులైతే తదుపరి రెన్యువల్ నుంచి అనర్హులు. మార్కెట్లో ఉన్న మరెన్నో ఫ్లోటర్ పాలసీలలోనూ ‘ఆధారపడిన సంతానం’ అన్న మాటకు ఇదే తరహా నిర్వచనం కనిపిస్తుంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం సీజీహెచ్‌ఎస్‌లో కొడుకు సంపాదించడం మొదలుపెట్టినా, పెళ్లి చేసుకున్నా, 25 ఏళ్లు నిండినా రక్షణ ఆగిపోతుంది. మూడింటిలో ఏది ముందైతే అదే. కూతురికి వయసు పరిమితి లేదు గానీ, సంపాదన, పెళ్లి అనే రెండు గీతలు ఆమెకూ ఉన్నాయి.

ప్రామాణిక పాలసీలోని ఆ వాక్యాన్ని మరోసారి చదవాలి. బిడ్డకు ఉద్యోగం వచ్చిందా అని అది అడుగుతుంది. ఆ ఉద్యోగంలో వైద్య రక్షణ ఉందా అని అడగదు. ఆ ఉద్యోగం ఆరు నెలలైనా నిలుస్తుందా అన్న ఆలోచన దానికి లేదు. ఒక గొడుగు కింద నుంచి బయటికి పంపేటప్పుడు మరో గొడుగు ఉందో లేదో చూడాలన్న కనీస జాగ్రత్తను నియంత్రణ సంస్థే పాటించకపోతే, లాభం కోసం నడిచే సంస్థల నుంచి దాన్ని ఎలా ఆశించగలం?

ఆరోగ్య బీమాలో ప్రీమియం ఎంత ముఖ్యమో గడిచిన కాలమూ అంతే ముఖ్యం. కొత్త పాలసీలో తొలి 30 రోజులు ప్రమాదాలకు తప్ప క్లెయిమ్ సాధారణంగా ఉండదు. అప్పటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలలు ఆగాలి. మారటోరియం అనే 60 నెలల గడువు విరామం లేకుండా గడిచిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, పాత వివరాలు దాచారన్న కారణంతో క్లెయిమ్‌ను కొట్టేయడానికి వీల్లేదు. 2024కు ముందు ఈ గడువులు 48 నెలలు, 96 నెలలుగా ఉండేవి. వాటిని తగ్గించినందుకు ఐఆర్‌డీఏఐని అభినందించాల్సిందే. కానీ ఆ సంస్కరణ ఫలం పాలసీ తెగకుండా కొనసాగినవారికే దక్కుతుంది. చిన్నప్పటి నుంచి ఆస్తమా ఉండి, తండ్రి పాలసీలో పదేళ్లు గడిపిన అమ్మాయిని తీసుకుందాం. నిరీక్షణ కాలం, మారటోరియం రెండూ ఆమె విషయంలో ఎప్పుడో ముగిశాయి. ఉద్యోగం రాగానే ఆ పాలసీ నుంచి తప్పుకుంది. రెండేళ్లకు ఉద్యోగం పోయింది. ఇప్పుడు సొంతంగా పాలసీ కోసం వెళితే ఆమె ఆస్తమా ‘ముందే ఉన్న జబ్బు’. లెక్క మొదటి నెల నుంచి మొదలవుతుంది. పదేళ్లు ఆమె పేరు మీద కట్టిన ప్రీమియం మాత్రం తిరిగి రాదు.

దీనికి నిబంధనల్లో మార్గం లేకపోలేదు. వయసు పరిమితి దాటి కుటుంబ పాలసీ నుంచి బయటికొచ్చే పిల్లలకు, గడిచిన ఏళ్ల లెక్కను కలుపుకుని తగిన మరో పాలసీలోకి మారే వీలు కల్పించాలని నియంత్రణ సంస్థ ఎప్పుడో చెప్పింది. అయితే విరామం రాకుండా మారాలి. రెన్యువల్ వేళ ఆ సంగతి చెప్పేవారుండాలి. ప్రీమియం గడువును గుర్తు చేయడానికి వరసగా సందేశాలు పంపే సంస్థలు ‘మీ అమ్మాయి పాత లెక్క పోకుండా ఇలా చేయండి’ అని ఒక్క సందేశం పంపడానికి ఎందుకు వెనకాడతాయి? ఇది మతిమరుపు అనుకోవడానికి లేదు. ఇరవై రెండేళ్ల వయసులో క్లెయిములు తక్కువ. నిజానికి ఆ వయసు వారు కుటుంబ పాలసీలో కొనసాగితే బీమా సంస్థలకు వచ్చే నష్టం స్వల్పం. వారిని తప్పించడానికి ఆర్థిక సమర్థన బలహీనంగా ఉంది. వారు మళ్లీ కొత్త ఖాతాదారులుగా, కొత్త నిరీక్షణ కాలంతో రావడంలోనే సంస్థలకు సౌకర్యం ఉంది.

యజమాని ఇచ్చే గ్రూప్ పాలసీ వల్ల మేలు లేదని అనడం అన్యాయం. చాలా సంస్థల్లో ముందే ఉన్న జబ్బులకు తొలి రోజు నుంచే రక్షణ ఉంటుంది, కాన్పు ఖర్చు ఉంటుంది, వైద్య పరీక్షల బెడద ఉండదు. విడిగా కొనుక్కునే పాలసీలో కాన్పుకు నెలలు, ఏళ్లు ఆగవలసి ఉండగా ఇది చిన్న వరం కాదు. కానీ ఆ ఒప్పందం కంపెనీకి, బీమా సంస్థకు మధ్య. ఉద్యోగి అందులో లబ్ధిదారు మాత్రమే. బీమా మొత్తం ఎంతో, గది అద్దె పరిమితి ఎంతో, వచ్చే ఏడాది తల్లిదండ్రులను ఉంచాలో తీసేయాలో నిర్ణయించేది యాజమాన్యం. మూడు లక్షల బీమాలో గది అద్దె ఒక శాతం అని రాస్తే రోజుకు ₹3,000. నగరంలోని కార్పొరేట్ ఆసుపత్రిలో అంతకు మించిన గదిలో చేరితే, అద్దెలో తేడాతో పాటు గదితో ముడిపడిన ఇతర వైద్య ఖర్చుల్లోనూ అదే నిష్పత్తిలో కోత పడవచ్చు. ఇవన్నీ ఒక ఎత్తయితే, చివరి పని దినంతో రక్షణ ముగియడం మరో ఎత్తు. 2022 చివరి నుంచి ఐటీ రంగంలో తొలగింపులు చూస్తున్న తెలుగు కుటుంబాలకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. జీతం ఆగిన రోజునే ఆసుపత్రి కార్డూ చెల్లకుండా పోతుంది.

ఇంకో విషాదం ఉంది. మన దగ్గర బీమా ఒక దిశలోనే నడవదు. బిడ్డకు ఉద్యోగం రాగానే తల్లిదండ్రులు తమ పాలసీని వదిలేసి అతని గ్రూప్ పాలసీలో చేరే ఇళ్లు లెక్కలేనన్ని. జీతంలో కోత పడినా ఇంట్లో కట్టే ప్రీమియం కన్నా తక్కువే కాబట్టి ఆ నిర్ణయం తెలివైనదిగానే కనిపిస్తుంది. మూడేళ్లకు అతను ఉద్యోగం మారతాడు. కొత్త కంపెనీ తల్లిదండ్రులకు చోటివ్వదు. అప్పటికి తండ్రికి అరవై రెండు, తల్లికి షుగర్, బీపీ. కొత్త పాలసీ ఇవ్వాల్సిన బాధ్యత 65 ఏళ్ల వయసు దాకానే అన్న పాత గీతను 2024లో తొలగించారు గానీ, ఆ వయసులో పలికే ప్రీమియాన్ని, మొదటి నుంచి మొదలయ్యే నిరీక్షణను తొలగించలేదు. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా సంస్థ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి మారే హక్కు సభ్యులకు, వారి కుటుంబీకులకు నిబంధనల్లో ఉంది. మారేటప్పుడు ఆరోగ్య స్థితిని బట్టి మదింపు చేసే అధికారం మాత్రం సంస్థ చేతిలోనే ఉంది. రాజీనామా చేసిన ఎంతమందికి హెచ్ఆర్ విభాగం ఈ హక్కు గురించి చెప్పిందో పాఠకులు తమ ఇళ్లలోనే అడిగి చూడవచ్చు.

ఇక ప్రభుత్వం సంగతి. 1948 నాటి ఈఎస్ఐ చట్టం ఈ దేశంలో కార్మికుడి ఆరోగ్యానికి యజమానిని చట్టబద్ధంగా బాధ్యుణ్ని చేసింది. 2019 జులై నుంచి యజమాని వాటా జీతంలో 3.25 శాతం, ఉద్యోగి వాటా 0.75 శాతం. ₹21,000 జీతం మీద ఇద్దరూ కలిసి కట్టేది నెలకు ₹840. దానికి బదులుగా కార్మికుడికి, అతని కుటుంబానికి తొలి రోజు నుంచే వైద్యం. ఇంత తక్కువ ధరకు ఇంత విస్తారమైన రక్షణ మార్కెట్లో ఎక్కడా దొరకదు. కానీ ఆ ₹21,000 పరిమితి 2017 జనవరి 1న పెట్టింది. అప్పటి నుంచి ధరలు పెరిగాయి, తొలి ఉద్యోగాల జీతాలు పెరిగాయి, గీత మాత్రం అక్కడే ఉంది. జీతం ₹21,001 అయిన కుర్రవాడు ఈఎస్ఐకి పెద్దవాడైపోయాడు, తండ్రి పాలసీకి పరాయివాడైపోయాడు. అతని యజమానికి మరే పాలసీ ఇవ్వాలన్న చట్టపరమైన నిర్బంధం లేదు. మూడు తలుపులూ ఒకేసారి మూసుకుపోయే ఆ చోటులో నిలబడినవారు దుకాణాల్లో, చిన్న ఆసుపత్రుల్లో, కాల్ సెంటర్లలో, ప్రైవేటు పాఠశాలల్లో పనిచేసే వేలాది మంది మన పిల్లలు. రాత్రి షిఫ్టు ముగించుకుని బండి మీద ఇంటికి వెళ్లేది వారే.

పరిమితిని పెంచితే సరిపోతుందని ఈ పత్రిక చెప్పడం లేదు. ఈఎస్ఐ డిస్పెన్సరీల్లో మందులు దొరకని అనుభవం కార్మికులకు కొత్త కాదు. 2019లో తెలంగాణలో బీమా వైద్య సేవల విభాగం మందుల కొనుగోళ్ల కేసులో ఆ విభాగం డైరెక్టర్‌నే ఏసీబీ అరెస్టు చేసింది. కార్మికుల చందా సొమ్ముతో నడిచే వ్యవస్థ మీద నమ్మకాన్ని దెబ్బతీసిన ఇలాంటి ఉదంతాలే, పరిమితి దాటినందుకు యువకుడు బాధపడాల్సింది పోయి ఊపిరి పీల్చుకునే పరిస్థితిని తెచ్చాయి. ఇది ప్రభుత్వాలు సిగ్గుపడాల్సిన విషయం.

పన్నుల విధానమూ ఇదే తీరున సాగుతోంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీని ఎత్తేయడం మంచి నిర్ణయం. గ్రూప్ పాలసీలకు ఆ ఊరట దక్కలేదు. ఆదాయపు పన్నులో 80డీ మినహాయింపు ఆధారపడిన పిల్లలకే వర్తిస్తుంది కాబట్టి, సంపాదించే కొడుకు కోసం తండ్రి కట్టే ప్రీమియానికి అది లేదు. ఆ కొడుకు సొంతంగా కట్టుకుందామన్నా, అతను సాధారణంగా చేరే కొత్త పన్ను విధానంలో 80డీయే లేదు.

చేయాలనుకుంటే ఏం చేయవచ్చో మన ముందు ఉదాహరణలున్నాయి. 2020 ఏప్రిల్ 15న లాక్‌డౌన్ సడలింపుల సందర్భంగా కేంద్ర హోంశాఖ, తెరుచుకునే సంస్థలు కార్మికులకు వైద్య బీమా తప్పనిసరిగా కల్పించాలని ఆదేశించింది. కాబట్టి యజమాని మీద ఆ బాధ్యత పెట్టడం అసాధ్యం కాదని ప్రభుత్వమే అంగీకరించినట్టయింది. విపత్తు వేళ సబబైన ఆ సూత్రం మామూలు రోజులకు శాశ్వత చట్టంగా ఎదగలేదు. వైద్యం ఖరీదుకు పేరుమోసిన అమెరికాలో సైతం, పిల్లలను చేర్చుకునే పాలసీ ఏదైనా సరే వారిని 26 ఏళ్లు నిండేదాకా ఉంచాలని 2010 చట్టం నిర్దేశించింది. పెళ్లయినా, వేరే ఊళ్లో ఉన్నా, ఉద్యోగం చేస్తున్నా ఆ హక్కు పోదు. తల్లిదండ్రుల పాలసీయా, యజమాని పాలసీయా అన్న నిర్ణయం అక్కడి యువతదే. ఉద్యోగం పోయినవారు పూర్తి ప్రీమియం తామే కట్టుకుని సాధారణంగా 18 నెలల దాకా అదే పాలసీలో కొనసాగే చట్టం 1980ల నుంచే ఉంది. ఆ దేశపు వైద్య వ్యవస్థ మనకు ఆదర్శం కాదు. ఈ రెండు నియమాలు మాత్రం అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఆపదలో అక్కరకొచ్చేవే.

ఇక్కడ కావలసినవి కూడా అంతకు మించినవి కావు. 26 ఏళ్ల దాకా తల్లిదండ్రుల పాలసీలో ఉండాలో, యజమాని పాలసీలోకి వెళ్లాలో, స్తోమతుంటే రెండింటిలోనూ కొనసాగాలో తేల్చుకునే హక్కు యువతకు ఉండాలి. ఉద్యోగం పోయినవారు సొంత ఖర్చుతోనైనా కనీసం ఏడాది అదే రక్షణలో ఉండగలగాలి. ఈఎస్ఐ పరిమితిని ధరల సూచీతో ముడిపెట్టాలి. వీటిలో కొన్నింటికి పార్లమెంటు కదలాలి, కొన్నింటికి ఈఎస్ఐ కార్పొరేషన్ కదలాలి. రెండింటికి మాత్రం ఎవరి కోసమూ ఆగనక్కర్లేదు. ఉద్యోగి చేతికిచ్చే రిలీవింగ్ లెటర్‌తో పాటు బీమా ఏ తేదీ వరకు, దాన్ని సొంత పాలసీగా మార్చుకోవడానికి గడువు ఎంత అన్న రెండు వరుసలు రాసివ్వాలని బీమా సంస్థల ద్వారా ఐఆర్‌డీఏఐ ఒక సర్క్యులర్‌తో కట్టడి చేయవచ్చు. ఆరోగ్య సంజీవనిలోని ఆ షరతును కలంతో రాసిందీ ఆ సంస్థే. వచ్చే రెన్యువల్ సంవత్సరం మొదలయ్యేలోగా దాన్ని కొట్టివేయాలి.