నూనె వద్దు... జెల్ ముద్దు!

‘డాక్టర్‌గారూ! నా వయసు 44. ఏడాదిగా పీరియడ్స్ సరిగా రావట్లేదు. కలయిక సమయంలో తడి ఉండట్లేదు, ఒకటే మంట. అందుకని మావారు కొబ్బరినూనె వాడుతున్నారు. రెండు నెలల్లో రెండుసార్లు కండోమ్ చిరిగింది. పైగా ‘నీకు నా మీద ఇష్టం తగ్గింది, అందుకే ఇలా’ అంటున్నారు. నేనేం చెయ్యాలి?’ అని అడిగారు ఒక సోదరి.

అమ్మా! ముందు ఆ చివరి మాట సంగతి తేలుద్దాం. తడికీ ప్రేమకీ లంకె పెట్టకండి. మీ వయసులో ఈస్ట్రోజెన్ హార్మోన్ తగ్గుతూ వస్తుంది. దాంతో యోనిలో పొర పలచబడుతుంది, తడి తగ్గుతుంది. బిడ్డకి పాలిచ్చే తల్లుల్లోనూ ఇంతే. జలుబుకీ అలర్జీకీ వేసుకునే కొన్ని మాత్రలు కూడా తడి ఆరిపోయేట్టు చేస్తాయి. మనసులో ఎంత ఇష్టమున్నా శరీరం సహకరించకపోవచ్చు. ఈ ముక్క మీవారికి చదివి వినిపించండి.

ఇక కండోమ్ చిరగడానికి కారణం ఆ కొబ్బరినూనే అయ్యుండాలి. మన దగ్గర దొరికే కండోమ్‌లు ఎక్కువగా లేటెక్స్‌తో, అంటే రబ్బరుతో చేసినవి. నూనె తగిలితే రబ్బరు బలం పోతుంది. దానికి గంటలు అక్కర్లేదు, కొన్ని నిమిషాలు చాలు. పైకి బాగానే కనిపిస్తుంది, రాపిడికి పుటుక్కుమంటుంది. వాజ్‌లైన్, బేబీ ఆయిల్, కోల్డ్ క్రీమ్, నెయ్యి... అన్నీ ఆ బాపతే. యోనిలో వాడే కొన్ని ఫంగస్ మందులదీ అదే గుణం. ఉమ్మి వాడదామా అంటే, ఇట్టే ఆరిపోతుంది.

మరి ఏది కొనాలి? మందుల షాపులో ‘వాటర్ బేస్డ్ లూబ్రికెంట్ జెల్’ అని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు, దగ్గు మందు అడిగినట్టే అడగండి. అది అన్నిరకాల కండోమ్‌లకీ సరిపడుతుంది, నీళ్లతో కడిగితే పోతుంది. మధ్యలో ఆరిపోతే రెండు చుక్కల నీళ్లో ఇంకాస్త జెల్లో రాసుకుంటే సరి. సిలికాన్ జెల్ ఇంకా ఎక్కువసేపు ఉంటుంది, కండోమ్‌కి హాని చెయ్యదు. కాకపోతే ధర ఎక్కువ, సబ్బుతో కడగాలి. మలద్వార సంభోగంలో అయితే సహజమైన తడి అసలే ఉండదు కాబట్టి కండోమ్‌తోపాటు జెల్ తప్పనిసరి.

కొనేముందు డబ్బా మీది అక్షరాలు చదవండి. గ్లిజరిన్, ప్రొపైలీన్ గ్లైకాల్ మరీ ఎక్కువగా ఉన్న జెల్ లోపలి కణాల్లోని నీటిని లాగేసి పొరను దెబ్బతీస్తుంది. దీన్ని ‘ఆస్మొలాలిటీ’ అనే కొలతతో చెబుతారు. అది 1200 దాటకూడదనీ, 380 లోపుంటే మరీ మంచిదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లో సూచించింది. యోనిలో వాడేదానికి పీహెచ్ 4.5 దరిదాపుల్లో ఉండాలి. నోనాక్సినాల్-9 కలిపినవి వద్దు. అది పొరను ఒరిపిడి పెడుతుంది, తరచూ వాడితే హెచ్‌ఐవీ సోకే అవకాశాన్ని పెంచుతుంది. వేడెక్కించేవి, తిమ్మిరెక్కించేవి, రంగూ వాసనా ఉన్నవి కూడా మానెయ్యండి. నొప్పి అనేది శరీరం చేసే హెచ్చరిక, దాని నోరు నొక్కకూడదు. కొత్తది కొన్నప్పుడు మోచేతి లోపలివైపు కాస్త రాసి, ఒకరోజు ఆగి చూడండి.

కండోమ్ తొడిగాక జెల్ దాని పైన రాయాలి, యోని ద్వారం దగ్గరా రాయాలి. లోపల ఎక్కువ పోస్తే కండోమ్ జారిపోతుంది. ఇంకో మాట, జెల్ ఒక్కటే గర్భాన్నీ ఆపదు, జబ్బునీ ఆపదు. కండోమ్ చిరక్కుండా కాపాడటమే దాని పని. సంతానం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగాకే వాడాలి. చాలా జెల్స్ వీర్యకణాల కదలికను మందగింపజేస్తాయి.

పీరియడ్స్ సరిగా రావట్లేదు కదా, ఇక గర్భం రాదులే అనుకోకండి. మీ వయసులోనూ రావచ్చు. మళ్లీ కండోమ్ చిరిగితే 72 గంటల్లోపు అత్యవసర గర్భనిరోధక మాత్ర వేసుకోవాలి. ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. హెచ్‌ఐవీ భయం ఉన్నవాళ్లు అదే 72 గంటల్లోపు ప్రభుత్వాసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రానికి పరుగెత్తాలి. అక్కడ సలహా మీద 28 రోజులు మందులు వాడాల్సి ఉంటుంది.

జెల్ వాడినా మంట తగ్గకపోయినా, కలయిక తర్వాత రక్తం కనిపించినా, ఓర్చుకుంటూ కూర్చోకుండా గైనకాలజిస్టుని కలవండి. ఈస్ట్రోజెన్ క్రీముతో సహా మంచి చికిత్సలున్నాయి. వీలైతే మీవారినీ వెంట తీసుకెళ్లండి. సమస్య ఇద్దరిదీ, మంట ఒక్కరిదే కాకూడదు.