"వరకు" అనే దొంగమాట

మా పాలకొల్లులో కొబ్బరికాయలను ఎంచి మరీ పుచ్చుకునేవారు, అంతర్జాలాన్ని మాత్రం అమ్మేవాడి మాట మీదే కొంటున్నారు. ప్రకటనలో ఉండేవి మెగాబిట్లు. దస్త్రం దించుకునేటప్పుడు తెర చూపేవి మెగాబైట్లు. బైటుకు 8 బిట్లు గనుక సెకనుకు 100 మెగాబిట్లంటే 12.5 మెగాబైట్లే. పైగా ఆ 100 పక్కన "వరకు" అని చిన్న అక్షరాలు! అది గరిష్ఠమే తప్ప హామీ కాదు. ప్రభుత్వ నిర్వచనంలో బ్రాడ్‌బ్యాండ్ కనీస వేగం 2004లో 256 కిలోబిట్లు, 2023లో 2 మెగాబిట్లు. అంటే 100కు డబ్బు కట్టినవాడికి 2 వచ్చినా అది బ్రాడ్‌బ్యాండే!

మిత్రులారా, వైఫై వదిలి, కంప్యూటరుకు తీగ తగిలించి, ఉదయమూ రాత్రీ వేగం కొలిచి తేదీలతో రాసిపెట్టండి. అప్పుడు నెపం వైఫై మీదకు నెట్టలేరు. గరిష్ఠం కాదు, కనిష్ఠం బిల్లు మీద అచ్చువేయమని అడుగుదాం.