బెంచీ మీద కూర్చున్న అమ్మీ

ఎక్కడైనా పార్కులో కొత్త రోలర్ కోస్టర్ వచ్చిందంటే దాని మీద ముందుగా రాయ్ చెప్పేది కోస్టర్ షౌకీన్లు. మనలో కొందరికి క్రికెట్ స్కోర్లు ఎలాగో, వాళ్లకి పట్టాల ఎత్తు, స్పీడు, మలుపులు అలాగ. అమెరికాలో వీళ్లకి 1978 నుంచే ఒక సంఘం ఉంది: అమెరికన్ కోస్టర్ ఎన్తూజియాస్ట్స్. ఎక్కిన ప్రతి కోస్టర్‌నీ లెక్క రాసుకునేంత షౌక్ వాళ్లది. ఇప్పుడు మన కోదాడ, మిర్యాలగూడ పిల్లలూ ఫోన్లో ఆ వీడియోలే చూస్తున్నారు.

వచ్చింది ఫ్యామిలీ కోస్టర్ అయితే ఈ షౌకీన్లు రెండు జమాతులవుతారు. ఒక జమాత్ పెదవి విరుస్తుంది: తలకిందులు చేయదు, గుండె జారదు, ఎక్కినట్టే ఉండదు, అప్పుడే ఖతం. రెండో జమాత్ అంటుంది: మనవడూ దాదీ పక్కపక్కన కూర్చుని ఒకేసారి నవ్వగలిగే కోస్టర్ ఇదొక్కటే, దీన్ని చిన్నచూపు చూడొద్దు.

నేను రెండో జమాత్ వైపే. కాకపోతే ఆ రెండు జమాతులూ అడగని సవాల్ ఒకటుంది. ఫ్యామిలీ అంతా ఎక్కిందా, లేక ఎవరైనా కింద బెంచీ మీద మిగిలారా?

అసలు ఫ్యామిలీ అన్న మాటకి ఈ వ్యాపారంలో ఒకే కొలత లేదు. ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో 2014లో మొదలైన సెవెన్ డ్వార్ఫ్స్ మైన్ ట్రైన్‌కి 38 అంగుళాల ఎత్తున్న పిల్ల చాలు. అదే ఊళ్లో యూనివర్సల్ పార్కు 2019లో తెరిచిన హాగ్రిడ్ కోస్టర్‌కి 48 అంగుళాలు కావాలి. మొదటిది మరీ పొట్టిదని షౌకీన్ల ఫిర్యాదు. రెండోదాన్ని నెత్తిన పెట్టుకున్నారు. మంచిదే. కానీ ఆ పది అంగుళాల తేడాలో అయిదారేళ్ల పిల్లలు గేటు బయటే ఆగిపోతారు, వాళ్లతో పాటు ఒక పెద్ద మనిషీ ఆగిపోవాలి. మన ఇళ్లల్లో ఆ ఆగిపోయే మనిషి ఎవరో చెప్పనక్కర్లేదు.

వాల్ట్ డిస్నీకి డిస్నీలాండ్ ఖయాల్ ఎలా వచ్చిందో ఆయనే చెప్పుకున్న ముచ్చట ఉంది. లాస్ ఏంజెలెస్‌లో తన ఇద్దరు ఆడపిల్లలు గుర్రాల రంగులరాట్నం మీద తిరుగుతుంటే, ఆయన బెంచీ మీద ఊరికే కూర్చునేవాడట. పిల్లలూ పెద్దలూ కలిసి ఖుషీ చేసే జాగా ఒకటి ఉండాలని అక్కడే అనిపించిందట. 1955 జూలై 17న ఆ పార్కు తెరిచారు. బెంచీ మీద కూర్చున్న ఒక తండ్రికి విసుగు పుడితే ఇంత పెద్ద వ్యాపారం పుట్టింది. మన అమ్మీలు, ఖాలాలు ఏళ్ల తరబడి ఆ బెంచీ మీదే ఉన్నారు. వాళ్ల విసుగు మాత్రం ఎవరి లెక్కలోకీ రాలేదు.

మనవైపు చూడండి. సూర్యాపేట, కోదాడ నుంచి విజయవాడ హైవే ఎక్కితే పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు తగులుతుంది. అక్కడి నుంచి రావిర్యాలకి సిటీలో అడుగు పెట్టకుండానే పోవచ్చు. 2016లో అక్కడ వండర్‌లా తెరిచినప్పటి నుంచి ఈద్ మర్నాడు ఆ బాట పట్టే ఖాందాన్లు ఎన్నో. తెల్లవారకముందే లేచి దారిలో తినడానికి వండుకుని, పిల్లల బట్టలు సర్దుకుని, అందరినీ బండెక్కించేది ఆడవాళ్లే. అక్కడికి పోయాక మగవాళ్లూ పిల్లలూ రికాయిల్ కోసం పరుగు తీస్తారు. ముందుకు దూకి, తలకిందులై, మళ్లీ అదే దారిలో వెనక్కి వచ్చే కోస్టర్ అది. చెప్పులు, ఫోన్లు, పర్సులు, చంటిబిడ్డ అమ్మీ ఒళ్లోకి చేరతాయి. సాయంత్రం దాకా ఆమె చూసిన పార్కు అంతే.

ఎందుకు ఎక్కరంటే మూడు జవాబులు వినిపిస్తాయి. భయం, శరమ్, బుర్ఖా.

భయానికి మందు సమజ్ చేయడమే. కోస్టర్ డబ్బాకి చక్రాలు పట్టాల మీదే కాదు, పక్కనా ఉంటాయి, కిందా ఉంటాయి. పట్టాని మూడు వైపుల నుంచి పట్టుకుని పోతుంది. కిందివైపు చక్రం పద్ధతి అమెరికాలో 1919 నుంచే ఉంది. ఈ ఒక్క మాట నింపాదిగా చెబితే సగం గాబరా పోతుంది.

శరమ్ సంగతి. పెద్దమనిషి ఆడది కేకలు పెడుతూ ఉయ్యాల ఊగుడేమిటని అనేవాళ్లు మన గల్లీల్లో ఇంకా ఉన్నారు. హజ్రత్ ఆయిషా (రజి)తో మన నబీ (స) పరుగు పందెం వేసుకున్న హదీసు అబూ దావూద్‌లో ఉంది. వాళ్లు ఒకసారి అది చదువుకుంటే మంచిది.

ఇక బుర్ఖా. ఇక్కడ మనం జజ్బాతీ కాకుండా మాట్లాడుకోవాలి. వదులు గుడ్డ, వేలాడే చున్నీ తిరిగే మిషన్ దగ్గర నిజంగానే ఖతర్నాక్. 2010లో ఆస్ట్రేలియాలోని పోర్ట్ స్టీఫెన్స్‌లో గో-కార్ట్ నడుపుతున్న ఒక ముస్లిం బెహన్ బట్ట చక్రంలో చిక్కి గొంతు బిగిసి చనిపోయింది. బైకు వెనక కూర్చున్న ఆడవాళ్ల చున్నీలు, చీర కొంగులు చక్రంలో పడ్డ హాద్సాలు మనకి తెలియనివా? ఇందులో మజహబ్ భేదం లేదు. కోస్టర్‌లో ఒడి మీదికి దిగే కడ్డీ తొడకి ఆనుకుని ఉండాలి. మధ్యలో గుడ్డ ముద్దగా చేరితే ఆ పట్టు దొరకదు. ఇద్దరికీ ఒకే కడ్డీ ఉన్న చోట అది పెద్దవాళ్ల ఒళ్లు దగ్గరే ఆగి, పక్కన చిన్నపిల్లకి ఖాళీ మిగులుతుంది. ఇవి అడిగి తెలుసుకుని ఎక్కాలి. జాన్ అమానత్, దాన్ని కాపాడుకోవడమూ మన ఫర్జే.

కాబట్టి గుడ్డ గురించి రూల్ పెట్టడం తప్పు కాదు. దాన్ని ఎప్పుడు, ఎక్కడ, ఎలా చెబుతున్నారన్నదే అసలు మస్లా. 2011 ఆగస్టు 30, ఈదుల్ ఫితర్ రోజున న్యూయార్క్ దగ్గర రై అనే ఊళ్లోని ప్లేలాండ్ పార్కుకి సుమారు 3 వేల మంది ముస్లింలు పోయారు. కొన్ని రైడ్లకి తలమీద స్కార్ఫ్‌తో రావద్దన్నారు. మాటా మాటా పెరిగి తోపులాట అయ్యింది, 15 మందిని అరెస్టు చేశారు. ముందే చెప్పామని పార్కు వాళ్లన్నారు. చెప్పింది ఎవరికో చేరి ఉండొచ్చు, క్యూలో నిలబడ్డ ఆడవాళ్లందరికీ మాత్రం చేరలేదు. ఈద్ రోజు అలా ముగియడానికి అదే కారణం.

మన పార్కులకి నా దర్ఖాస్తు ఇదే. రూల్ ఏదైనా టికెట్ కౌంటర్ దగ్గరే తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయండి. గంటసేపు లైన్లో నిలబెట్టి, మెట్ల పైన నలుగురి ముందు "బుర్ఖా తీయండి" అనడం సేఫ్టీ కాదు, బేఇజ్జతీ. తలకి బిగుతుగా పట్టే టోపీలాంటి హిజాబ్ ఇప్పుడు ఆటల్లో వాడుతున్నారు. దాన్ని ఒప్పుకుంటారో లేదో ముందే తేల్చి చెప్పండి. చెకింగ్ దగ్గర ఒక ఆడ మనిషిని పెట్టండి. మన నాంపల్లి నుమాయిష్‌లో ఆడవాళ్ల కోసం లేడీస్ డే అనే రివాజు ఉంది. పెద్ద పార్కులు ఏడాదికి ఒక్క రోజు అలా చేస్తే వాళ్లకి నష్టం రాదు, కొత్త గిరాకీ వస్తుంది.

మన ఇంటివాళ్లకీ రెండు మాటలు. కుర్తా పైజామా, పిన్నులతో బిగించిన స్కార్ఫ్, లేసుల బూట్లు ఇంటి దగ్గరే సర్దుకోవాలి. చంటిబిడ్డని ఎత్తుకునే డ్యూటీ వంతులవారీగా పడాలి, అబ్బాకి కూడా. ఎక్కనన్న వాళ్లని జబర్దస్తీ చేయొద్దు. ఎక్కుతానన్న వాళ్లని ఆపొద్దు.

ఒక ఎహతియాత్ మాత్రం మరవొద్దు. 2025 ఏప్రిల్‌లో ఢిల్లీలో ఒక యువతి రోలర్ కోస్టర్ నుంచి పడి చనిపోయింది. అదే ఏడాది జనవరిలో నుమాయిష్‌లో ఒక రైడ్ జనంతో సహా తలకిందులుగా ఆగిపోయింది. పేరున్న చోటే ఇలా ఉంటే, జాన్‌పహాడ్ ఉర్సుకో పెద్దగట్టు జాతరకో నాలుగు రోజుల కోసం బిగించే ఉయ్యాలల దగ్గర ఇంకెంత చూసుకోవాలి? రైడ్ల సేఫ్టీకి మన దేశంలో ఐఎస్ 15475 అనే ప్రమాణం ఉంది. ఎవరు తనిఖీ చేశారని అడగడం మన హక్. కడ్డీ సరిగ్గా పడకపోతే దిగిపోవడంలో శరమ్ ఏమీ లేదు.

ఎత్తు ఎంత, స్పీడు ఎంత అని షౌకీన్లు మార్కులు వేస్తారు, వేయనివ్వండి. ఫ్యామిలీ కోస్టర్‌కి మనం వేసే మార్కు వేరే ఉండాలి. బండి దిగి వచ్చేసరికి బెంచీ ఎంత ఖాళీగా ఉంటే అది అంత మంచి కోస్టర్.