తొట్టె కొనేటప్పుడు ప్రాణాన్నీ లెక్కలో వేయండి

ట్రాక్టరు తొట్టెతో వైద్యుడికేం పని అని మీరు అడగవచ్చు. చీకట్లో, దీపం లేకుండా రోడ్డు పక్కన నిలిపిన తొట్టెను వెనుక నుంచి ఢీకొన్న యువకులకు కుట్లు వేసిన చేతులివి. పుర్రె లోపల రక్తస్రావమైతే కుట్లతో పని తీరదు. గరివిడి నుంచి విజయనగరానికి, అక్కడి నుంచి విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రికి సాగే దారిలో ప్రాణాలు ఎలా జారిపోతాయో నేను చూశాను. ఊరు దానిని విధి అంటుంది. నేను ఒప్పుకోను. ఆ చావుకు పునాది తొట్టె కొన్న రోజే పడింది.

మనం తొట్టె ఎలా కొంటున్నాం? ఎన్ని బస్తాలు పడతాయి, రేకు ఎంత మందం, జాకీ ఎంత ఎత్తుతుంది అని అడుగుతాం. ముందు పలకపై దేవుడి బొమ్మ, పిల్లల పేర్లు రాయిస్తాం. దీనికి బ్రేకు ఉందా అని అడిగేవారు ఎందరు? బ్రేకు లేని తొట్టెలో టన్నుల కొద్దీ ధాన్యం పోసి పల్లంలో దిగితే, ఆ బరువంతా ట్రాక్టరును వెనుక నుంచి నెడుతుంది. పొలంలో మలుపుల కోసం విడదీసిన రెండు బ్రేకు పెడళ్లను రోడ్డెక్కే ముందు కలపకపోతే, ఒక చక్రమే ఆగి బండి పక్కకు తిరుగుతుంది. రెండు చక్రాల తొట్టెలో బరువంతా వెనుకకు చేరితే కొక్కెం పైకి లేచి ట్రాక్టరు వెనుక టైర్ల పట్టు సడలుతుంది. మరీ ముందుకు చేరితే ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదు.

ఇక వెలుతురు సంగతి. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. మోటారుసైకిలు దీపం నలభై యాభై మీటర్ల మేర చూపినా, నడిపేవాడికి మిగిలేది మూడు సెకన్లలోపే. మట్టి కొట్టుకుపోయిన తొట్టె అతడికి చీకటిలో చీకటిగానే ఉంటుంది. చీపురుపల్లి వైపు రాత్రి బండి మీద వచ్చే మన పశువైద్య కళాశాల విద్యార్థి ప్రాణం, మీరు అతికించని ఎర్ర టేపు మీద ఆధారపడి ఉంది.

అంతకంటే ఘోరం, సరుకు కోసం చేసిన తొట్టెలో మనుషులను ఎక్కించడం. 2018 జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ వద్ద కూలీలతో వెళ్తున్న ట్రాక్టరు మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. 2020 మే నెలలో ప్రకాశం జిల్లా రాపర్ల వద్ద మిరప కూలీల ట్రాక్టరు విద్యుత్ స్తంభాన్ని ఢీకొని మరో విషాదం జరిగింది. తొట్టెలో సీటు లేదు, పట్టుకునేందుకు ఏమీ లేదు. అది బోల్తా పడితే కింద చిక్కిన మనిషికి ఊపిరాడదు, వెన్నెముక విరుగుతుంది. సరుకు బండిలో ఎక్కినవారికి ఆ బండి బీమా సాధారణంగా వర్తించదు కూడా. అయినా నాట్లకూ, పెళ్లిళ్లకూ, పైడితల్లి సిరిమానోత్సవానికీ మన ఊళ్ల నుంచి తొట్టెలే కదులుతాయి.

“పేద రైతుకు ఇంత ఖర్చెక్కడిది?” అంటారు. లక్ష దాటిన తొట్టెకు కొన్ని వందల టేపు భారమా? “కూలీలను ఎలా తేవాలి?” అంటారు. ఈ ప్రశ్నలో న్యాయముంది. నలుగురు రైతులు కలిసి సీట్లున్న బండిని మాట్లాడుకోండి, పరిమితికి మించి ఎక్కించకండి. కూలి ఇచ్చేవాడే క్షేమానికీ బాధ్యుడు.

కొనబోయే రైతు సోదరులారా, బ్రేకు లేని తొట్టెను తిరస్కరించండి. కొక్కెం పిన్నుకు జారకుండా క్లిప్పు, తోడుగా గట్టి గొలుసు పెట్టించండి. వెనుక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు రిఫ్లెక్టరు టేపు అతికించండి. వెనుక దీపాలు వెలుగుతున్నాయో లేదో ప్రతి సాయంత్రం చూడండి. తొట్టెకూ రిజిస్ట్రేషను చేయించండి. రోడ్డుపై చెడిపోతే దీపం పెట్టకుండా వదిలి వెళ్లకండి.

దుర్ఘటన జరిగితే 108కి ఫోను చేయండి. మెడ, వెన్ను కదపకుండా ఉంచండి. కారే రక్తాన్ని శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. ఇంతవరకే మీ చేతిలో, నా చేతిలో ఉంటుంది. దీనికి ముందున్నదంతా తొట్టె యజమాని చేతిలో ఉంది. ఈ రాత్రి మీ ఇంటి ముందున్న తొట్టె వెనుకకు వెళ్లి, టార్చి వేసి చూడండి. ఏమీ మెరవకపోతే, రేపు పొలానికి వెళ్లే ముందే టేపు కొనండి.