ట్రాక్టరు ఎవరి పేరు మీద, స్టీరింగు ఎవరి చేతిలో?

ఉగాదికి ఇంకా మూడు వారాలుంది. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలోని ఒక పట్టణం శివార్లలో ట్రాక్టర్ల షోరూమ్ ముందు షామియానా వేశారు. 'ఉచిత సర్వీసు క్యాంపు', 'ఉగాది బుకింగులు', 'పాతది ఇవ్వండి, కొత్తది తీసుకెళ్లండి' అని మూడు ఫ్లెక్సీలు. నాలుగోది జీఎస్టీ గురించి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ట్రాక్టర్ల మీద పన్ను 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా, దానివల్ల ఎంత మిగులుతుందో పెద్ద అంకెల్లో రాశారు. నా పరిశోధన వ్యవసాయ యంత్రాల మీద కాదు, వ్యవసాయ కూలీల మీద. అయినా ఆ రోజంతా అక్కడే కూర్చున్నాను. కూలీల కోసం పొలాలకు వెళ్లడం నాకు మామూలే. షోరూముకు వెళ్తే వాళ్లు ఎక్కడ నిలబడి కనిపిస్తారో చూడాలనిపించింది.

షోరూముకు ఈ కాలం ముఖ్యమైనది. యాసంగి వరి పొట్టకు వచ్చి ఉంటుంది. ఏప్రిల్‌లో కోతలు మొదలైతే ట్రాలీలు వడ్లు మోయాలి. కోతలయ్యాక వేసవి దుక్కులు, తొలకరి పడగానే పత్తి చేలు, ఆ తర్వాత నాట్లకు దమ్ము. అప్పుడు బండి మొరాయిస్తే మెకానిక్ దొరకడు, విడిభాగం దొరకదు. అందుకే డీలర్లు ముందే పిలిచి ఆయిలు మారుస్తారు, డీజిల్ ఫిల్టర్ చూస్తారు, రెండు బ్రేకులూ సమంగా పడుతున్నాయా అని పరీక్షిస్తారు, రొటావేటరు బ్లేడ్లు అరిగితే చెబుతారు. ఆ రోజు మెకానిక్‌లు శ్రద్ధగానే పనిచేశారు. వాళ్లలో మా వాడల పిల్లలూ ఉన్నారు.

వచ్చిన ట్రాక్టర్లలో ఎక్కువ భాగం డ్రైవర్లే తీసుకొచ్చారు. యాభై దాటిన ఒకాయన మెకానిక్ బండిని ముట్టుకోకముందే, "లోడు మీద గుంజుతలేదు తమ్మీ. ఇంజనుల ఏం లేదు, క్లచ్ ప్లేటే అరిగింది" అన్నాడు. మెకానిక్ చూసి, నిజమేనన్నాడు. అంతలో ఫారాలు నింపే యువకుడు వచ్చాడు.

"ఓనరు రాలేదా అన్నా?"

"పటేలు రాలే. నన్ను తోలిండు."

"అయితే ఆయన ఫోన్ నంబరు చెప్పు."

నేను ఆ ఫారం అడిగి చూశాను. యజమాని పేరు, ఊరు, ఎన్ని ఎకరాలు, పాస్‌బుక్ ఉందా, కొత్త పనిముట్లు కొనే ఆలోచన ఉందా. డ్రైవరు పేరు రాయడానికి గడి లేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు యజమానులు కొందరు కార్లలో, బండ్ల మీద వచ్చారు. వాళ్లకు టోపీ, గోడ గడియారం ఇచ్చారు. క్లచ్ సంగతి చెప్పినాయన చెట్టు కింద తిన్నాడు.

ఇది నాకు కొత్త దృశ్యం కాదు. మా బాపు పద్దెనిమిదేళ్లు ఒక పటేలు ట్రాక్టరు నడిపాడు. మా దిక్కు జీతం లెక్క ఉగాది నుంచి ఉగాదికి. ఏడాదికి ఇంత అని ఆ రోజే మాట్లాడుకుంటారు, అడ్వాన్సు ఆ రోజే తీసుకుంటారు, పాత బాకీ ఉంటే కొత్త ఏడాదికి ఎక్కుతుంది. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఒక ఉగాదికి పటేలు కొత్త ట్రాక్టరు తీశాడు. షోరూము నుంచి ఊరి దాకా నడిపి తెచ్చింది బాపే. పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి ఫొటో దిగారు. సీటు మీద పటేలు కొడుకు కూర్చున్నాడు. అదే సాయంత్రం బాపు ఆ ఇంటి అరుగు కింద నిలబడి మళ్లీ ఏడాదికి జీతం ఒప్పుకున్నాడు. ఆ యంత్రంతో ఎవరి బతుకు ఎటు మారుతుందో ఆ రోజే తేలిపోయిందని నాకు చాలా ఏళ్ల తర్వాత అర్థమైంది.

వ్యవసాయ యాంత్రీకరణ గురించి మన విశ్వవిద్యాలయాల్లో జరిగే చర్చ ఎక్కువగా ఉత్పాదకత చుట్టూ, కూలీల కొరత చుట్టూ తిరుగుతుంది. మన దేశంలో ఏటా లక్షల సంఖ్యలో ట్రాక్టర్లు అమ్ముడవుతున్నాయి. ఆ అంకెను గ్రామీణ సంపదకు గుర్తుగా చెబుతారు. ఆ ట్రాక్టర్ల ఆర్సీలు ఏ కులాల పేర్ల మీద ఉన్నాయన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ఆ ప్రశ్న వేస్తే చర్చ భూమి దగ్గరికి వెళ్తుంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో షెడ్యూల్డ్ కులాలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మొత్తం కమతాల్లో మన చేతిలో ఉన్నవి సుమారు 12 శాతం. సాగు విస్తీర్ణంలో మన వాటా 9 శాతానికి లోపే. అంటే భూమి ఉన్న దళితుడికి కూడా సగటు కంటే చిన్న ముక్కే ఉంది. యంత్రాల కొనుగోలు మొత్తం ఈ పునాది మీదే నడుస్తుంది. ట్రాక్టరు అప్పుకు కనీసం ఇన్ని ఎకరాల సాగునీటి భూమి ఉండాలన్న షరతు బ్యాంకుల్లో చాలాకాలంగా ఉంది. ఎన్ని ఎకరాలన్నది బ్యాంకును బట్టి మారుతుంది. ప్రైవేటు ఫైనాన్స్ అయితే డౌన్ పేమెంటుతో పాటు భూమి ఉన్న ఇద్దరి జమానతు అడుగుతుంది.

మా పెదనాన్న కొడుకు పాత ట్రాక్టరు ఒకటి తీసుకుందామని తిరిగినప్పుడు ఆగిపోయింది ఇక్కడే. వాళ్లకు రెండెకరాల అసైన్డ్ భూమి ఉంది. అసైన్డ్ భూములను అమ్మకూడదన్న 1977 నాటి చట్టం బ్యాంకుల దగ్గర తనఖా పెట్టడానికి మినహాయింపు ఇచ్చింది. కానీ అమ్ముకోలేని భూమి తమకెందుకని ఫైనాన్స్ వాళ్లు దాన్ని లెక్కలోకే తీసుకోలేదు. దళితుడికి రక్షణగా తెచ్చిన చట్టం, అప్పు అడగబోయేసరికి దళితుడికే లోటుగా కనిపించింది. నిజానికి ట్రాక్టరు అప్పులో ట్రాక్టరే తాకట్టు. కిస్తీ కట్టకపోతే బండిని పట్టుకుపోతారు. ఆర్సీ మీద అప్పిచ్చినవాడి పేరు కూడా ఉంటుంది. అలాంటప్పుడు భూమి ఎందుకు? కిస్తీ కట్టగలడా అన్నది చూడాలంటే, ఇరవై ఏళ్లుగా ట్రాక్టరు నడిపినవాడి చేతి పనికంటే మంచి పూచీ ఏముంది? ఆ పనికి కాగితం లేదు. కాగితం లేని నైపుణ్యాన్ని ఈ దేశంలో కూలి అంటారు.

మరి ప్రభుత్వ రాయితీ లేదా? ఉంది. 2014-15లో మొదలైన కేంద్ర వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద ఎస్సీ, ఎస్టీ, మహిళా, చిన్న, సన్నకారు రైతులకు యంత్రాల ధరలో 50 శాతం దాకా, మిగతావారికి 40 శాతం దాకా పరిమితులకు లోబడి సహాయం ఇస్తామన్నారు. కాగితం మీద పది శాతం మనకు ఎక్కువే. కానీ ఆ పది శాతాన్ని అందుకోవాలంటే ముందు 'రైతు' కావాలి, అంటే పట్టా కావాలి. మిగతా సగం డబ్బు చేతిలో ఉండాలి. చాలాచోట్ల మొత్తం ధర ముందు కట్టి, రాయితీ ఖాతాలో పడేదాకా ఆగాలి. కౌలుకు చేసేవాడు, జీతానికి నడిపేవాడు, కూలికి వెళ్లే ఆడమనిషి ఈ లెక్కలోకి రారు. 2018లో రైతుబంధు కౌలుదారుడిని పక్కన పెట్టినట్టే, యంత్రాల రాయితీ కూడా పట్టా పుస్తకం ఉన్నవాళ్ల గడప దగ్గరే ఆగింది.

ఇంకోవైపు ఆ యంత్రం మా వాడ నుంచి ఏం తీసుకుపోయిందో చెప్పాలి. మా అమ్మ తరానికి వరికోతలు ఏడాది తిండి. కోత కూలి వడ్ల రూపంలో వచ్చేది, గుమ్మి నిండేది. కోసిన మడిలో పరిగె ఏరుకుంటే ఇంకొన్ని గింజలు దొరికేవి. గడ్డి అడిగి తెచ్చుకుంటే ఇంటి ముందున్న బర్రెకు వేసవి గడిచేది. హార్వెస్టరు వచ్చాక కోత కూలి పోయింది, పరిగె పోయింది. గడ్డిని కట్టలు కట్టే మిషన్లు వచ్చాక గడ్డి కూడా అమ్మకపు సరుకైంది. నాట్లు, కలుపు మిగిలాయి. అంటే నడుము వంచి చేసే పని ఆడవాళ్లకు మిగిలింది, గింజ ఇంటికొచ్చే పని పోయింది. షోరూములో ఉగాదికి బుక్ అవుతున్న ప్రతి యంత్రం వెనుకా ఈ లెక్క ఉంది. దాన్ని 'కూలీల కొరత' అన్న ఒక్క మాటతో కప్పేస్తున్నారు.

ఇక్కడ ఒక అపార్థానికి తావివ్వకూడదు. నేను యంత్రానికి వ్యతిరేకిని కాదు. మా అమ్మ నడుము నొప్పిని శ్రమ సౌందర్యం అని పొగిడే ఓపిక నాకు లేదు. అంబేడ్కర్ కూడా యంత్రానికి వ్యతిరేకి కాదు. 1945లో వచ్చిన కాంగ్రెస్, గాంధీల మీది పుస్తకంలో ఆయన గాంధీ యంత్ర వ్యతిరేకతను నేరుగా విమర్శించాడు. మనిషికి తీరిక ఇచ్చేది యంత్రమేనని, తప్పు యంత్రంలో లేదని, దాని ఫలాన్ని కొద్దిమంది చేతుల్లో ఉంచే సమాజ ఏర్పాటులో ఉందని వాదించాడు. 'యంత్రం కావాలా, కూలి కావాలా' అన్న ప్రశ్న మనది కాదు. యంత్రం ఎవరి సొత్తు అన్నదే మన ప్రశ్న.

ఈ ప్రశ్నను ఆయన మనకంటే చాలా ముందే వేశాడు. 1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలో ఆయన వాదన మన అర్థశాస్త్ర విద్యార్థులు మళ్లీ చదవాల్సింది. కమతం చిన్నదా పెద్దదా అన్నది ఎకరాలతో తేలదు, దానికి తగిన శ్రమ, పెట్టుబడి, పనిముట్లు ఉన్నాయా అన్నదాన్ని బట్టి తేలుతుందన్నాడు. రైతు చేతిలో ఉన్న పనిముట్లతో పోలిస్తే ఉన్న కమతాలు చిన్నవి కావు, పెద్దవి అని చెప్పేదాకా వెళ్లాడు. 1947లో రాజ్యాంగ సభ కోసం తయారు చేసిన 'స్టేట్స్ అండ్ మైనారిటీస్' పత్రంలో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేయాలని, భూమిని కులమత భేదం లేకుండా ఊరివాళ్లకు సమష్టి సాగుకు ఇవ్వాలని కోరాడు. అక్కడితో ఆగలేదు. నీరు, పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనాలు సమకూర్చే బాధ్యత కూడా రాజ్యానిదేనన్నాడు. భూమి ఒక్కటే ఇచ్చి నాగలి ఇవ్వకపోతే ఆ భూమి మళ్లీ నాగలి ఉన్నవాడి దగ్గరికే పోతుందని ఆయనకు తెలుసు.

తెలంగాణలో దీన్ని రెండు సగాలుగా చూశాం. 2014లో దళితులకు మూడెకరాల పథకం భూమి వైపు నుంచి మొదలై కొద్దిమందికే అందింది. 2021లో హుజూరాబాద్‌లో మొదలైన దళితబంధు యూనిట్ల వైపు నుంచి వచ్చింది. కుటుంబానికి పది లక్షలు, బ్యాంకు లింకు లేకుండా. చాలామంది ట్రాక్టర్లు తీసుకున్నారు. ఎంపికలో ఎమ్మెల్యేల పెత్తనం మీద వచ్చిన విమర్శలు సరైనవే. అయినా మా వాడలో మొదటిసారి ఆర్సీ మీద మా ఇంటిపేర్లు కనిపించాయి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ట్రాక్టరు వచ్చింది, దున్నుకోవడానికి సొంత భూమి లేదు. కిరాయికి పిలవాల్సింది మళ్లీ పటేళ్లే. నేను మాట్లాడిన ఒక అన్న, "బండి మనదే తమ్మీ, పిలుపు మాత్రం వాళ్లదే" అన్నాడు. భూమి లేని యంత్రం, యంత్రం లేని భూమి రెండూ సగం హక్కులే.

కాబట్టి అడగాల్సినవి స్పష్టంగా అడుగుదాం. మొదటిది, యంత్రాల రాయితీ పొందినవారి వివరాలు జిల్లాలవారీగా, సామాజిక వర్గాలవారీగా ఏటా బయటపెట్టాలి. రెండోది, భూమి లేని దళిత మహిళా సంఘాలకు యంత్రాల అద్దె కేంద్రాలు ఇవ్వాలి. హార్వెస్టరు ఎవరి కూలిని తీసుకుపోయిందో దాని కిరాయి వాళ్లకే రావాలి. యంత్రంతో పాటు డీజిలుకు, మరమ్మతులకు పెట్టుబడి, ఆడపిల్లలకు నడిపే శిక్షణ ఇవ్వాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వచ్చిన సబ్‌ప్లాన్ చట్టం, తెలంగాణలో 2017లో వచ్చిన ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఇలాంటి ఖర్చు కోసమే ఉన్నాయి. మూడోది, ట్రాక్టరు అప్పుకు ట్రాక్టరునే పూచీగా తీసుకోవాలి, నడిపిన అనుభవాన్ని అర్హతగా చూడాలి. నాలుగోది, డ్రైవరుకు రాతపూర్వక ఒప్పందం, ప్రమాద బీమా ఉండాలి. పీటీఓ షాఫ్టులో పంచె చిక్కుకున్నా, బండి బోల్తా పడినా పోయేది అతని ప్రాణం.

షోరూము యజమానులనూ ఒక చిన్న మాట అడుగుతున్నాను. ఆ ఫారంలో డ్రైవరు పేరుకు ఒక గడి పెట్టండి. దానితో కులం పోదు, భూమి రాదు, నాకు తెలుసు. కానీ మీ యంత్రాన్ని మీకంటే బాగా ఎరిగిన మనిషి ఎవరో కనీసం మీ దగ్గర రాసి ఉంటుంది. రేపు అతనికి అప్పు కావాలన్నా, బీమా కావాలన్నా మొదటి కాగితం అదే అవుతుంది.

సాయంత్రం షామియానా విప్పుతుంటే, క్లచ్ మార్చిన ట్రాక్టరెక్కి ఆయన బయల్దేరాడు. ఉగాదికి జీతం ఎంత మాట్లాడుకుంటున్నావని అడిగాను. "పోయినేడు తీసుకున్న అడ్వాన్సే ఇంకా తెగలేదు, ఇంకేం మాట్లాడుతం" అన్నాడు. ఇంటికొచ్చి బాపుకు చెప్పాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. కాసేపాగి, "క్లచ్ అని చూడకుంటనే చెప్పిండా?" అని మాత్రం అడిగాడు.